కొబ్బరి మీగడ, నిమ్మ పులుపు, నీలి రంగు: ఇంట్లో బ్లూ హవాయియన్

బ్లూ హవాయియన్ కాక్‌టెయిల్ చేయాలనుకునేవారు ముందుగా నీలి సీసా కోసం, అంటే నారింజ తొక్కల వాసనుండే నీలి క్యురసావో లిక్కరు కోసం, దుకాణాలు తిరుగుతారు. నేనైతే ముందు మంచి కొబ్బరికాయను వెతకమంటాను. ఆ పానీయానికి పేరు తెచ్చింది రంగేనని ఒప్పుకుంటాను. కానీ తాగే మనిషి మరో గుక్క తాగాలో వద్దో తేల్చేవి కొబ్బరి మీగడ, దాని జిడ్డును విరిచే నిమ్మ పులుపు. ఆ రెండూ కుదిరితే రంగు లేకపోయినా గ్లాసు ఖాళీ అవుతుంది. కుదరకపోతే ఎంత అందమైన నీలమైనా చక్కెర పాకం తాగినట్టే ఉంటుంది.

నేను పుట్టి పెరిగింది అంబాజీపేట దగ్గర. కొబ్బరి మార్కెట్టుకు పేరుపడ్డ ప్రాంతం. ఇంట్లో కొబ్బరి లేని పూట మాకు తెలియదు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నా, కొబ్బరి విషయంలో నా పట్టింపు తగ్గలేదు. డబ్బాలో వచ్చే కొబ్బరి క్రీములో తీపి తప్ప కొబ్బరి వాసన నాకు తగలదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కొబ్బరికే పోతుంది. ఆ భాగాన్ని దాటవేయకండి. మిగిలిన పనంతా పది నిమిషాల్లో అయిపోతుంది.

పానీయం పుట్టుక గురించి రెండు మాటలు. 1957లో హొనొలులులోని వైకీకీ తీరాన, ఇప్పుడు హిల్టన్ హవాయియన్ విలేజ్‌గా ఉన్న హోటల్లో బార్‌టెండరుగా ఉన్న హ్యారీ యీ దగ్గరకు బోల్స్ అనే డచ్ మద్యం కంపెనీ ప్రతినిధి వచ్చి, తమ నీలి క్యురసావోతో ఏదైనా కొత్త పానీయం చేయమని అడిగారు. అప్పుడు ఆయన రమ్ము, వోడ్కా, అనాస రసం, పులుపూ తీపీ కలిసిన మిశ్రమం, నీలి క్యురసావో కలిపి చేసినదే బ్లూ హవాయి. అందులో కొబ్బరి లేదు. పులుపు మిశ్రమం స్థానంలో కొబ్బరి క్రీము చేరిన రూపానికి బ్లూ హవాయియన్ అని పేరు. రెండు పేర్లూ దగ్గరగా ఉండటంతో బార్లలో కూడా ఒకటి అడిగితే మరొకటి ఇస్తుంటారు. నేను చేసేది రెండింటి కలయిక: కొబ్బరి మీగడా ఉంటుంది, నిమ్మ పులుపూ ఉంటుంది. కొబ్బరి ఒక్కటే ఉన్న రూపం నాకు మొహం మొత్తుతుంది.

కొబ్బరి క్రీము బార్లకు చేరిన తీరు కూడా తెలుసుకోదగ్గది. ప్యూర్టోరికోలో రామోన్ లోపెజ్ ఇరిసారి అనే ఆయన కొబ్బరి మీగడను చక్కెరతో కలిపి డబ్బాల్లో నిలవ ఉండేలా చేశారు. దాని పేరు కోకో లోపెజ్. రమ్ము, అనాస, కొబ్బరి కలిసే పినా కోలాడా వంటి పానీయాలు ప్రపంచమంతా పాకడానికి ఆ డబ్బా పెద్ద కారణం, ఎందుకంటే కాయ కొట్టి, కోరి, పాలు పిండే చాకిరీ తప్పింది. ఆ చాకిరీ మన వంటిళ్లకు కొత్తది కాదు. పండక్కి కొబ్బరి అన్నం వండిన ఏ చేయికైనా వచ్చిన పనే.

కొబ్బరి మీగడ

కాయ ముదరాలి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే నీళ్ల చప్పుడు వినిపించాలి, చేతిలో బరువుగా ఉండాలి. లేతకాయలో కొవ్వు తక్కువ కాబట్టి పాలు పలుచగా వస్తాయి. కురిడీ కొబ్బరి అసలే పనికిరాదు, నూనె వాసన గ్లాసంతా నిండిపోతుంది. కాయ కొట్టగానే నీళ్లు ఒక గుక్క రుచి చూడండి. పులిసినట్టు అనిపిస్తే ఆ కాయ దీనికి వద్దు.

చిప్పల నుంచి ముక్కలు తీసి, వెనకనున్న గోధుమ రంగు పొరను పీలరుతో పూర్తిగా చెక్కేయండి. పచ్చడికి ఆ పొర ఉన్నా నష్టం లేదు. ఇక్కడ మాత్రం అది పాలకు బూడిద ఛాయ తెస్తుంది. నీలం కలిసిన తర్వాత ఆ ఛాయ మురికిలా కనిపిస్తుంది. కోరాము ఉన్నవారు చిప్పలోనే కోరుకోవచ్చు, అయితే తెలుపు అయిపోయి గోధుమ పొర తగులుతుండగానే ఆపేయాలి.

ఒక మధ్యస్థం కాయకు 150 మిల్లీలీటర్ల వేడి నీళ్లు చాలు. మరుగుతున్న నీళ్లు వద్దు, వేలు పెట్టి తీయగలిగేంత వేడి సరిపోతుంది. ఆ వేడికి కొవ్వు కరిగి పాలలోకి తేలిగ్గా దిగుతుంది. కోరునూ నీళ్లనూ కలిపి మిక్సీలో ఆపి ఆపి రెండు నిమిషాలు తిప్పండి. పల్చటి నూలు గుడ్డలో వేసి మూట కట్టి పిండండి. పాలు ఆగిపోయాయనిపించాక ఇంకో రెండుసార్లు మెలిపెట్టండి. చివర్లో గట్టిగా పిండితే వచ్చేవే చిక్కటి పాలు. పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి తీసే రెండో పాలను కూరకో అన్నానికో ఉంచుకోండి, ఇందులో కలపకండి.

ఈ మొదటి పాలను ఒక గాజు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో మూడు గంటలు కదపకుండా ఉంచితే పైన మీగడ గట్టిగా పేరుకుంటుంది, కింద పలుచని నీరు మిగులుతుంది. పైపొరను గరిటెతో జాగ్రత్తగా ఎత్తి తీసుకోండి. కాయను బట్టి అటూ ఇటూగా 150 మిల్లీలీటర్ల మీగడ వస్తుంది. దానికి 110 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు. ఉప్పు మానేయకండి, కొబ్బరి రుచి పైకి తేలేది దానివల్లే. గిన్నెను సన్నని మంట మీద పెట్టి, చక్కెర కరిగేవరకూ కలుపుతూ ఉండండి. ఆవిరి కనిపించగానే దించేయాలి. మరిగితే నూనె విడిపోయి పైన తేలుతుంది, తర్వాత ఎంత కలిపినా ఆ నునుపు తిరిగి రాదు. చల్లారాక మిక్సీలో అర నిమిషం తిప్పితే గరిటె నుంచి దోసె పిండిలా జారే మీగడ తయారవుతుంది. ఏడు గ్లాసులకు వస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటుంది. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టిస్తే నెల రోజులు ఉంటుంది.

పాలు పిండే వీలు లేని రోజున ప్యాకెట్లలో దొరికే కొబ్బరి పాలు కొనుక్కోవచ్చు. ప్యాకెట్ మీద పదార్థాల పట్టిక చదివి, కొబ్బరి శాతం ఎక్కువగా ఉన్నది తీసుకోండి. దాన్ని కూడా ఫ్రిజ్‌లో ఉంచి, పైన చిక్కగా పేరుకున్న భాగాన్ని మాత్రమే వాడండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. కొబ్బరి కొవ్వు దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మీగడను తిన్నగా ఐసు మీద వేస్తే తెల్లటి పలుకులుగా విడిపోయి, నాలుకకు మైనం ముక్కల్లా తగులుతుంది. చాలామంది దాన్ని చూసి నిమ్మరసం వల్ల విరిగిందనుకుంటారు. పాల మీగడ విరగడానికి కారణమయ్యే కేసీన్ అనే మాంసకృత్తి కొబ్బరిలో ఉండదు కాబట్టి ఇక్కడ తప్పు చలిది. విరుగుడు తేలిక. వాడే అరగంట ముందు మీగడను బయట పెట్టి మెత్తబడనివ్వండి. గది వేడిమిలో ఉన్న మీగడనూ రసాలనూ ఐసు లేకుండా ముందు కలిపేయండి. ఐసు చివర్లో పడాలి. ఈ వరుస ఒక్కటి పాటిస్తే సగం గండాలు తప్పినట్టే.

పులుపు ఎక్కడి నుంచి

నిమ్మకాయ పల్చటి తోలుది కావాలి, గూడూరు నిమ్మ లాంటిది. నొక్కితే కాస్త లొంగాలి. మంచి రసమున్న కాయ ఒకటి పిండితే ఒక గ్లాసుకు కావలసిన 15 మిల్లీలీటర్లు వస్తాయి. పిండే ముందు అరచేతి కింద పెట్టి దొర్లించండి. గింజ నలగకూడదు. సీసాల్లో అమ్మే నిమ్మరసంలో పులుపు ఉంటుంది గానీ పరిమళం ఉండదు, ఇందులో పరిమళమే ప్రధానం.

నిమ్మకు తోడుగా నేను కాస్త బత్తాయి రసం వేస్తాను. హవాయిలో ఆ అలవాటు లేదు, ఇది నల్గొండ బత్తాయిలు రాశులుగా దొరికే ఊళ్లో ఉండటంవల్ల వచ్చిన చనువు. బత్తాయి రంగు లేతది కాబట్టి నీలాన్ని చెడగొట్టదు. నిమ్మలోని కరుకుదనాన్ని మెత్తబరుస్తుంది. అయితే బత్తాయి రసం పిండి ఉంచితే చేదెక్కుతుంది. వేసే ముందే పిండండి. మిక్సీలో వేయకండి, గింజలూ తొనల మీది తెల్ల పొరా నలిగితే చేదు ఇంకా త్వరగా వస్తుంది. కమలా రసం ఎంత రుచిగా ఉన్నా దీనికి వాడకండి. నారింజ రంగూ నీలమూ కలిస్తే పాచిపట్టిన నీళ్ల రంగు వస్తుంది.

అనాస రసం తాజాది కావాలి. సీతంపేట ఏజెన్సీ నుంచి అనాసలు వచ్చే రోజుల్లో మా ఇంట్లో ఈ పానీయానికి పండగే. మధ్యనున్న గట్టి దూటను తీసేసి, ముక్కలను తిప్పి, టీ వడపోతతో రెండుసార్లు వడకట్టండి. పీచు మిగిలితే మీగడ నునుపు పోతుంది. తాజా రసాన్ని ఐసుతో బాగా కలిపితే పైన చక్కటి నురగ కడుతుంది. డబ్బా రసంతో ఆ నురగ రాదు.

నీలి సీసా గురించి

క్యురసావో అనేది వెనెజులాకు ఉత్తరాన కరీబియన్ సముద్రంలో ఉన్న ఒక చిన్న ద్వీపం. స్పానిష్ వారు 16వ శతాబ్దంలో వలెన్సియా నారింజ మొక్కలు అక్కడ నాటారు. ఆ ఎండు నేలలో కాయలు తినలేనంత చేదుగా మారాయి. కానీ వాటి తొక్కలు ఎండబెడితే గొప్ప సువాసన. లరాహా అని పిలిచే ఆ కాయల తొక్కలతోనే అక్కడ లిక్కరు చేస్తారు. సీసాలోని ద్రవానికి సహజంగా నీలం ఉండదు, అది తర్వాత కలిపిన రంగు. రుచి మాత్రం నారింజ తొక్కదే. అంటే నీలి క్యురసావోను కేవలం రంగుగా చూడకూడదు, ఇందులో అది మూడో నారింజ జాతి పండు.

మద్యం దుకాణాల్లో దొరికే క్యురసావోలో మద్యం 20 శాతం పైచిలుకు ఉంటుంది. సూపర్ మార్కెట్లలో అదే పేరుతో దొరికేది మద్యం లేని సిరప్. సీసా చూసి ఏది కొంటున్నారో తెలుసుకోండి, ఎందుకంటే సిరప్ ఎక్కువ తీపి, కొలత మారుతుంది. సిరప్‌లో నారింజ వాసన చాలక రంగు నీళ్లలా ఉంటే ఒక ఉపాయం ఉంది. పులిహోరకు వాడే పుల్ల నారింజ గాని, దబ్బకాయ గాని తీసుకుని, పై పచ్చతొక్కను పల్చగా చెక్కి, కింది తెలుపు రాకుండా చూసుకుని, రెండు చెంచాల చక్కెరలో నలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచండి. తెల్లారేసరికి తొక్కలోని నూనెకు చక్కెర తడిసి జావలా అవుతుంది. రెండు చెంచాల వేడి నీళ్లు పోసి కరిగించి వడకట్టి, సిరప్‌లో కలపండి. కొన్న సిరప్‌కు ప్రాణం వస్తుంది.

కలపడం

ఒక గ్లాసుకు కావలసినవి:

తెల్ల రమ్ము 45 మిల్లీలీటర్లు
నీలి క్యురసావో 20 మిల్లీలీటర్లు
అనాస రసం 45 మిల్లీలీటర్లు
బత్తాయి రసం 15 మిల్లీలీటర్లు
నిమ్మరసం 15 మిల్లీలీటర్లు
తీపి కొబ్బరి మీగడ 30 మిల్లీలీటర్లు
నలగ్గొట్టిన ఐసు ఒక చిన్న గిన్నెడు, సుమారు 150 గ్రాములు

రమ్ము తెల్లదే కావాలి. మన దగ్గర ఎక్కువగా దొరికే నల్ల రమ్ము రుచికరమైనదే, కానీ నీలాన్ని మింగేస్తుంది. కొలతకు మందుల సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూత చాలు, దాని మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. కంటి కొలతను నేను నమ్మను. ఐదు మిల్లీలీటర్ల నిమ్మరసం తేడాతో ఈ పానీయం రుచి మారిపోతుంది.

గ్లాసును ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. ఐసు ముక్కలను పరిశుభ్రమైన తువ్వాలులో చుట్టి అప్పడాల కర్రతో పగలగొట్టండి. పెద్ద ముక్కలను తిన్నగా మిక్సీలో వేస్తే బ్లేడు దెబ్బతింటుంది, పానీయంలో కూడా పలుకులు మిగులుతాయి. మిక్సీ జారులో ముందు కొబ్బరి మీగడ, అనాస, బత్తాయి, నిమ్మ రసాలు వేసి పది సెకన్లు తిప్పండి. తర్వాత రమ్ము, క్యురసావో పోయండి. ఐసు చివర. ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పితే చాలు. జారు చప్పుడు గరగర నుంచి మెత్తబడగానే ఆపేయాలి. ఎక్కువ తిప్పితే వేడెక్కి నీళ్లవుతుంది.

గ్లాసులో పోసే ముందు చెంచాతో రుచి చూడండి. చల్లటి నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి జారులో సరిగ్గా ఉన్న తీపి ఐసు కరిగేకొద్దీ ఎక్కువనిపించవచ్చు. అందుకే కాస్త పులుపు మొగ్గులోనే ఉంచండి. మీగడ నాలుకకు అంటుకున్నట్టుంటే ఇంకో అర చెంచా నిమ్మరసం వేయండి. మరీ పుల్లగా ఉంటే చక్కెర జోలికి పోకండి, చెంచాడు మీగడ కలపండి.

మిక్సీ లేకుండా మూత గట్టిగా ఉండే గాజు సీసాలో వేసి ఊపి కూడా చేయవచ్చు. మంచు గుజ్జుగా రాదు, పలుచగా, నురగతో వస్తుంది. కొందరికి అదే ఇష్టం. మీగడా రసాలూ ముందు ఐసు లేకుండా ఊపి, తర్వాత ఐసు వేసి సీసా చేతికి అంటుకునేంత చల్లబడేవరకూ ఊపాలి.

రంగు ఆటలు

అనాస పసుపూ క్యురసావో నీలమూ కలిస్తే ఆకుపచ్చ వైపు వెళుతుంది. కొబ్బరి తెలుపు దాన్ని లేతబరుస్తుంది. పై కొలతతో వచ్చేది లోతు తక్కువ ఉన్న సముద్రపు రంగు. అందుకే అనాస రసం కొలతను నేను పాత పద్ధతి కంటే తగ్గించాను. ఇంకా స్వచ్ఛమైన నీలం కావాలంటే క్యురసావోను మిక్సీలో వేయకండి. మిగిలినవన్నీ కలిపి తెల్లటి గుజ్జును గ్లాసులో నింపి, క్యురసావోను గ్లాసు అంచు వెంట నెమ్మదిగా జారవిడవండి. చక్కెర ఎక్కువ కాబట్టి బరువుకు అడుక్కు దిగి, కింద ముదురు నీలం, పైన తెలుపు, మధ్యలో కలిసీ కలవని లేత నీలం కనిపిస్తాయి. తాగేవారు స్ట్రాతో కలుపుకుని తాగాలని చెప్పండి, లేకపోతే తీపంతా చివరికి మిగులుతుంది.

దానిమ్మ పాకం పోసి మూడో రంగు తెప్పించాలని కొందరు చూస్తారు. ఎరుపూ నీలమూ కొబ్బరిలో కలిస్తే ఐదు నిమిషాల్లో బురద ఊదా అవుతుంది. పైన పెట్టే ఎర్ర చెర్రీకి కూడా నేను ఒప్పుకోను, దాని రంగు కారి నురగ మీద మరకలు పడతాయి. అనాస ముక్క, నిమ్మ తొక్క చుట్ట చాలు. హ్యారీ యీ తన పానీయాల మీద ఆర్కిడ్ పువ్వులు పెట్టేవారు. అంగట్లో కొన్న పువ్వుల మీద మందులు చల్లి ఉంటారు కాబట్టి గ్లాసులో మునిగేలా పెట్టకండి.

సీసా రంగు వద్దనుకునేవారికి శంఖపుష్పం ఉంది. దీని గురించి చెప్పడం నాకు ఎంతో ఇష్టం. మా మేడ మీద కంచెకు అల్లుకున్న తీగ నుంచి మందు చల్లని పూలు కోసి నీడన ఎండబెడతాను. పది పన్నెండు ఎండు పూలను 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి వడకట్టి, అంతే బరువు చక్కెర కరిగిస్తే ముదురు నీలి పాకం వస్తుంది. ఈ నీలం పులుపు తగలగానే ఊదాకూ, పులుపు మరీ ఎక్కువైతే గులాబీ వైపుకూ మారుతుంది. కాబట్టి దీనితో సముద్రపు నీలం రాదు. దానికి బదులు తెల్లటి గుజ్జు మీద ఈ పాకాన్ని చెంచా వెనుక నుంచి పోస్తే, నిమ్మ తగిలిన చోటల్లా ఊదా రేకలు విచ్చుకుంటాయి. పిల్లలున్న ఇంట్లో మద్యం లేని గ్లాసు ఇలా వారి కళ్ల ముందే చేయండి, వారికి ఆ రంగు ఎందుకు మారిందో చెప్పండి.

మద్యం లేకుండా

మా పెద్ద మామయ్య మద్యం ముట్టరు. ఆయన గ్లాసు కూడా అందరి గ్లాసు అంత శ్రద్ధగా ఉండాలని నా నియమం. రమ్ము తీసేసి ఊరుకుంటే మిగిలేది తీపి మిల్క్‌షేకే. రమ్ము తెచ్చే ఘాటును మరో దారిలో తేవాలి. 30 మిల్లీలీటర్ల చల్లటి కొబ్బరి బొండం నీళ్లు, అర చెంచా తాజా అల్లం రసం వేయండి. నీలి సిరప్ 15 మిల్లీలీటర్లకు, మీగడ 25కు తగ్గించి, నిమ్మరసం 20కి పెంచండి. అల్లం గొంతులో కాస్త చురుక్కుమనాలి, కారం అనిపించకూడదు. మా వదిన రమ్ము గ్లాసు కంటే దీన్నే ఇష్టపడుతుంది. నిజం చెప్పాలంటే ఎండాకాలం మధ్యాహ్నం నా ఓటు కూడా దీనికే.

పాల మీగడతో కుదురుతుందా

కుదురుతుంది, అయితే వేరే పానీయంగా చేయాలి. న్యూ ఆర్లీన్స్‌లో 1888లో హెన్రీ రామోస్ మొదలుపెట్టిన జిన్ ఫిజ్ అనే నురగ కాక్‌టెయిల్‌లో నిమ్మజాతి రసాలు రెండు, పాల మీగడ, గుడ్డు తెల్లసొన, నారింజ పూల నీరు కలుస్తాయి. మీగడ చల్లగా, చిక్కగా ఉండి, కలిపిన వెంటనే తాగితే విరగదు. కొవ్వు తక్కువైన పాలలో నిమ్మ పడితే మాత్రం విరిగి తీరుతుంది. ఇంకో జాగ్రత్త: తాజా అనాస రసంలో మాంసకృత్తులను కరిగించే బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. పాలతో కలిపి ఉంచితే చేదు వస్తుంది. పాల మీగడ వాడాలనుకుంటే అనాసను మరిగించి చల్లార్చిన రసంగానో, డబ్బా రసంగానో వాడండి.

నారింజ రంగు ఇష్టమైనవారికి ఇదే కొబ్బరి మీగడతో పెయిన్‌కిల్లర్ అనే కాక్‌టెయిల్ చేయవచ్చు. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోని యోస్ట్ వాన్ డైక్ అనే చిన్న దీవిలో, సాగీ డాలర్ బార్‌లో పుట్టింది. రమ్ము 2 పాళ్లు, అనాస 4, కమలా రసం 1, కొబ్బరి క్రీము 1. పైన జాజికాయ అప్పటికప్పుడు తురమాలి. నల్ల రమ్ము దీనికి దివ్యంగా సరిపోతుంది, పక్కన పెట్టిన కమలాలూ ఇక్కడ పనికొస్తాయి. నేను ఇందులో కూడా అర చెక్క నిమ్మ పిండుతాను.

పదిమందికి చేసేటప్పుడు

రసాలు, మీగడ, రమ్ము, క్యురసావో అన్నీ ఒక పెద్ద జగ్గులో ముందే కలిపి ఉంచుకోవచ్చు, నిమ్మా బత్తాయీ తప్ప. అవి అతిథులు వచ్చాకే పిండాలి. జగ్గును ఫ్రిజ్‌లో పెడితే కొబ్బరి మళ్లీ గడ్డకడుతుంది కాబట్టి బయటే ఉంచండి, గంట దాటనివ్వకండి. మిక్సీలో ఒక్కోసారి రెండు గ్లాసులకు మించి వేయవద్దు. అడుగున నీళ్లు, పైన ఐసు అయి కూర్చుంటుంది.

ఒక్కో గ్లాసులో ఉండే మద్యం దాదాపు ఒక లార్జ్ పెగ్గుతో సమానం. కొబ్బరి, అనాస తీపి మాటున అది నాలుకకు తెలియదు. అందుకే గ్లాసు ఇచ్చేటప్పుడే ఆ సంగతి అందరికీ చెబుతాను, బండి మీద వచ్చినవారికి అల్లం గ్లాసే ఇస్తాను. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మద్యానికి చట్టం పెట్టిన వయసు 21 ఏళ్లు. మా ఇంట్లో పెళ్లీడుకొచ్చిన మేనల్లుడికి కూడా ఆ లెక్కే వర్తించింది.

మిగిలిన తీపి మీగడను మర్నాడు సేమ్యా పాయసంలో దించే ముందు రెండు గరిటెలు కలపండి. పిప్పిని పారేయకండి, నేతిలో దోరగా వేయించి బెల్లంతో లౌజు చేసుకోవచ్చు. మిక్సీ జారును మాత్రం వెంటనే వేడి నీళ్లతో కడగండి. చన్నీళ్లు పోస్తే కొబ్బరి కొవ్వు గోడలకు గట్టిగా పట్టేస్తుంది, మూత రబ్బరు చుట్ట కింద నిలిచినది రెండు రోజుల్లో ముక్కిపోయి ఆ వాసన తర్వాతి పచ్చడిలోకి వస్తుంది. రబ్బరును ఊడదీసి వేరుగా కడిగి ఆరబెట్టండి.